ఎస్టోనియన్, టాగలాగ్: ఎక్కడ, ఎవరితో, ఏ పనికి

మీరు అడిగింది ఇది: మీ అమ్మాయికి ఎస్టోనియాలోని టార్టులో మాస్టర్స్ సీటు వచ్చింది, మీ అన్నయ్యగారి అబ్బాయి ఫిలిప్పీన్స్‌లోని దవావోలో మెడిసిన్‌లో చేరుతున్నాడు. ఎస్టోనియన్, టాగలాగ్ భాషలు ఎక్కడెక్కడ, ఎలా మాట్లాడతారు, ఇంగ్లీషుతో సరిపోతుందా, పిల్లలు నేర్చుకోవాలా?

ముందు సూటిగా చెప్పేస్తానండీ. క్లాసు వరకు ఇద్దరికీ ఇంగ్లీషు చాలు. క్లాసు దాటాక ఇద్దరి పరిస్థితీ వేరు. టార్టులో ఇంగ్లీషుతో చదువు పూర్తవుతుంది కానీ, అక్కడే ఉద్యోగం చూసుకుని ఉండిపోవాలంటే ఎస్టోనియన్ రావాల్సిందే. దవావోలో ఇంగ్లీషూ నడుస్తుంది, టాగలాగూ నడుస్తుంది, అయితే ఆ ఊరివాళ్లు ఇంట్లో ఎక్కువగా మాట్లాడేది టాగలాగ్ కాదు, బిసాయా అనే వేరే భాష. ఫిలిప్పీన్స్ అంటే టాగలాగే అనుకుని ఆరు నెలల ముందు నుంచి టాగలాగ్ యాప్‌లు చూసి, తీరా దిగాక బిసాయా వినబడి కంగారుపడే పిల్లలు చాలామంది. నేను భాషాశాస్త్రం చదువుకుని రెండు దేశాల్లోనూ కొంతకాలం పనిచేసినవాణ్ణి, అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను.

భాష ఎంత పెద్దదో చెప్పమంటే అందరం మాట్లాడేవాళ్ల సంఖ్య చెబుతాం. ఈ రెండింటి విషయంలో ఆ లెక్క ఒక్కటే పట్టుకుంటే పొరబడతాం. ఎస్టోనియన్ మాట్లాడేవాళ్లు ప్రపంచం మొత్తం మీద దాదాపు 11 లక్షలు. మన విశాఖపట్నం జనాభా అంతకంటే ఎక్కువ. టాగలాగ్‌కు మాతృభాషగానే రెండున్నర కోట్లకు పైగా ఉన్నారు, రెండో భాషగా వచ్చినవాళ్లను కలిపితే ఎనిమిది కోట్లు దాటుతారు. అయినా ఎస్టోనియన్‌లో పార్లమెంటు నడుస్తుంది, హైకోర్టు తీర్పు వస్తుంది, డాక్టరు కేస్ షీటు రాస్తాడు, యూనివర్సిటీలో ఫిజిక్స్ చెబుతారు, బ్యాంకు అగ్రిమెంటు అచ్చవుతుంది. టాగలాగ్‌లో పాట, సీరియల్, వార్తలు, బేరం, తిట్టు, ప్రార్థన, ఎన్నికల ప్రచారం అన్నీ ఉన్నాయి. చట్టం, తీర్పు, మెడిసిన్ పుస్తకం మాత్రం ఇంగ్లీషులో ఉంటాయి. చిన్న భాష అన్ని పనులూ తనే చేసుకుంటోంది, పెద్ద భాష సగం పనులు ఇంకో భాషకు వదిలేసింది. ఈ తేడా ఎలా వచ్చిందో అర్థమైతే అక్కడ మీ పిల్లలు ఏ భాష ఎవరితో మాట్లాడాలో దానంతటదే తెలుస్తుంది.

మొదట ఎస్టోనియన్. బాల్టిక్ సముద్రం ఒడ్డున, ఫిన్లాండ్‌కు ఎదురుగా ఉన్న చిన్న దేశం ఎస్టోనియా. పక్కనున్న లాట్వియా భాషతో గానీ రష్యన్‌తో గానీ ఎస్టోనియన్‌కు చుట్టరికం లేదు. ఆ రెండూ మన హిందీ, సంస్కృతాలలాగా ఇండో-యూరోపియన్ కుటుంబానివి. ఎస్టోనియన్ యురాలిక్ కుటుంబంలోది, ఫిన్నిష్‌కు దగ్గరి బంధువు, హంగేరియన్‌కు దూరపు బంధువు. 2021 జనగణన ప్రకారం దేశ జనాభా 13 లక్షల పైచిలుకు. అందులో 67 శాతం మందికి ఎస్టోనియన్ మాతృభాష, రెండో భాషగా వచ్చినవాళ్లను కూడా కలిపితే 84 శాతం. మిగిలినవాళ్లలో అత్యధికులు రష్యన్ మాట్లాడేవాళ్లు.

ఈ సగటు అంకెలు ఏ ఒక్క ఊరికీ వర్తించవు. టార్టు ప్రధానంగా ఎస్టోనియన్ ఊరు. వీధిలో, బస్సులో, సంతలో వినబడేది అదే. రాజధాని టాలిన్‌కు వస్తే రష్యన్ మాట్లాడేవాళ్లు చాలా ఎక్కువ. అక్కడ లాస్నమాయె అనే పెద్ద అపార్ట్‌మెంట్ల పేటలో ఎస్టోనియన్‌కంటే రష్యనే ఎక్కువ వినిపిస్తుంది. ఇంకా తూర్పుకు వెళ్లి రష్యా సరిహద్దులో నది ఒడ్డున ఉన్న నార్వాకు చేరితే దాదాపు ఊరంతా రష్యనే. భాష నేర్చుకోవాలనే కోరిక ఉంటే టాలిన్‌కంటే టార్టు మంచిది, ఆ విషయంలో మీ అమ్మాయి అదృష్టవంతురాలు. దేశంలో దక్షిణాన వోరు, సెతు అనే పలుకులు ఉన్నాయి. వాటిని యాసలు అనాలా వేరే భాషలు అనాలా అన్నది అక్కడ ఇప్పటికీ వాదన. నా మటుకు వోరును వేరే భాష అనడమే న్యాయమనిపిస్తుంది. దక్షిణాది పలుకులో 1686లోనే కొత్త నిబంధన అచ్చయింది, ఉత్తరాది పలుకులో పూర్తి బైబిల్ వచ్చింది 1739లో. తర్వాత ఉత్తరాది పలుకు రాజధాని బలంతో ప్రామాణిక భాష అయింది. సారెమా దీవివాళ్లను మాత్రం ఒక్క అక్షరంతో పట్టేస్తారు. ఎస్టోనియన్‌లో ఒక అచ్చు ఉంది, నాలుకను వెనక్కి లాగి పెదాలు గుండ్రంగా చేయకుండా పలకాలి. దీవివాళ్లకు అది నోరు తిరగదు, దాని బదులు ఇంకో అచ్చు పలుకుతారు.

దేశం బయట ఎస్టోనియన్ పలచగా ఉంటుంది. 1944లో సోవియట్ సైన్యం తిరిగి వస్తోందని తెలిసి దాదాపు 70 వేల మందికి పైగా పడవల్లో స్వీడన్‌కు, జర్మనీకి పారిపోయారు. వాళ్లలో చాలామంది తర్వాత కెనడాకు, అమెరికాకు, ఆస్ట్రేలియాకు వెళ్లారు. టొరంటోలో ఇప్పటికీ వాళ్ల సంఘాలు, శనివారం బడులు ఉన్నాయి. ఈ కాలపు వలస ఫిన్లాండ్‌కు. టాలిన్ నుంచి హెల్సింకీకి ఓడలో రెండు గంటల ప్రయాణం, అక్కడ దాదాపు 50 వేల మంది ఎస్టోనియన్ మాట్లాడతారు. సైబీరియాలో రష్యా చక్రవర్తులైన జార్ల కాలంలో వెళ్లి స్థిరపడినవాళ్ల పల్లెలు కొన్ని ఉన్నాయి.

ఇంత చిన్న భాష అన్ని పనులకూ ఎలా సరిపోయిందన్నది నాకు చాలా ఇష్టమైన కథ. వందల ఏళ్లపాటు అక్కడ దొరలు జర్మన్లు, పొలాల్లో పనిచేసేవాళ్లు ఎస్టోనియన్లు. పట్నం భాష, చదువు భాష, కోర్టు భాష జర్మన్. 1632లో స్వీడన్ రాజు స్థాపించిన టార్టు విశ్వవిద్యాలయంలో కూడా ఎస్టోనియన్‌కు చోటు లేదు. ఎస్టోనియన్‌లో మనకు మిగిలిన తొలి అచ్చు పుస్తకం 1535 నాటి మతబోధ పుస్తకం. దాని చిరుగుపేజీలు కొన్ని 1929లో దొరికాయి. 1869లో టార్టులో మొదటి పాటల పండగ జరిగింది. వేల గొంతులు ఒకేసారి కలిపి పాడే ఆ పండగ దాదాపు ఐదేళ్లకోసారి ఇప్పటికీ జరుగుతోంది. రైతుల భాష అనుకున్నది సభలో నిలబడి పాడుకునే భాష అయిన రోజది.

1918లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాక వాళ్లు చేసిన మొదటి పనుల్లో ఒకటి, 1919లో టార్టు విశ్వవిద్యాలయాన్ని ఎస్టోనియన్ మాధ్యమంలోకి మార్చడం. మాటలు లేవుగా అని ఆగలేదు. యోహానెస్ ఆవిక్ అనే భాషావేత్త ఫిన్నిష్ నుంచి మాటలు తెచ్చాడు, కొన్ని ఏ మూలమూ లేకుండా కొత్తగా పుట్టించాడు. వాటిలో చాలావాటిని ఈనాడు జనం సృష్టించిన మాటలని తెలియకుండానే వాడుతున్నారు. ఆ అలవాటు ఇంకా పోలేదు. 2010లో అధ్యక్షుడి ఆధ్వర్యంలో కొత్త పదాల పోటీ పెడితే, మనం ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ అనేదానికి 'తరిస్తు' అనే మాట గెలిచింది. ఇప్పుడది మంత్రుల నోటా పేపర్లలోనూ మామూలు మాట.

సోవియట్ పాలనలో ఈ కథ తలకిందులయ్యే ప్రమాదం వచ్చింది. 1941లో, 1949లో వేలమందిని సైబీరియాకు తరలించారు. గనులకు, ఫ్యాక్టరీలకు ఇతర సోవియట్ ప్రాంతాల నుంచి జనాన్ని తెచ్చారు. 1934లో దేశంలో దాదాపు 88 శాతం ఉన్న ఎస్టోనియన్లు 1989 నాటికి 61 శాతానికి తగ్గారు. 1980లో రష్యనీకరణ గురించి ఆందోళన చెందుతూ నలభై మంది రచయితలు, శాస్త్రవేత్తలు ఒక బహిరంగ లేఖ రాస్తే పత్రికలు అచ్చువేయలేదు, చేతులు మారుతూ జనంలోకి వెళ్లింది. ఇంకా సోవియట్ యూనియన్‌లో ఉండగానే, 1989 జనవరిలో, ఎస్టోనియన్‌ను రాజ్యభాషగా ప్రకటిస్తూ చట్టం చేశారు. స్వాతంత్ర్యం తిరిగి వచ్చింది 1991 ఆగస్టులో. ముందు భాష, తర్వాత దేశం. 2004లో యూరోపియన్ యూనియన్‌లో చేరడంతో అక్కడి అధికార భాషల్లో ఒకటైంది.

అందుకే అక్కడ భాషా నియమాలు గట్టిగా ఉంటాయి. పౌరసత్వానికి బీ1 స్థాయి (రోజువారీ పనులు నడుపుకోగల మధ్యస్థ స్థాయి) పరీక్ష పాసవ్వాలి, దీర్ఘకాలిక నివాసానికీ అంతే. టీచర్లకు, డాక్టర్లకు, జనంతో నేరుగా వ్యవహరించే ఉద్యోగులకు చట్టం ఏ స్థాయి భాష రావాలో నిర్ణయిస్తుంది, తనిఖీ చేయడానికి ఒక ప్రభుత్వ శాఖే ఉంది. రష్యన్ మాధ్యమ బడులను ఎస్టోనియన్‌లోకి మార్చే చట్టం 2022 చివర్లో వచ్చింది. 2024 సెప్టెంబరులో బాలబడులు, ఒకటి, నాలుగు తరగతులతో అమలు మొదలైంది, 2030 నాటికి పూర్తి చేయాలన్నది లక్ష్యం. దీనిమీద నా అభిప్రాయం చెప్పాలంటే, లక్ష్యం న్యాయమైనదే. కానీ నార్వాలో ఎస్టోనియన్ బాగా వచ్చిన టీచర్లు దొరక్క, ఇంట్లో ఒక్క ముక్క వినని పిల్లలు అదే భాషలో లెక్కలు నేర్చుకోవాల్సి రావడం మామూలు కష్టం కాదు. ఆ పిల్లల బాధను రాజకీయం కింద కొట్టిపారేయకూడదు.

ఎస్టోనియన్‌కు ఇప్పుడు ఒత్తిడి రష్యన్ నుంచి కాదు, ఇంగ్లీషు నుంచి. పీహెచ్‌డీ థీసిస్‌లలో చాలా భాగం ఇంగ్లీషులోనే వస్తున్నాయి, మాస్టర్స్ కోర్సులు ఎన్నో ఇంగ్లీషులో నడుస్తున్నాయి, కుర్రకారు ఫోన్లలో ఇంగ్లీషు పెరిగింది. మీ అమ్మాయి చదవబోయేది కూడా అలాంటి కోర్సే. ఇంగ్లీషు వాడకం ఎంతవరకు పోనివ్వాలో వాళ్లు చర్చించుకుంటున్నారు, అది మంచిదే.

ఇక టాగలాగ్. ఫిలిప్పినోలు దాన్ని 'తగాలోగ్' అంటారు. ఫిలిప్పీన్స్ ఏడు వేలకు పైగా దీవుల దేశం, నూట ముప్ఫైకి పైగా భాషలు. టాగలాగ్ సొంత గడ్డ లుసోన్ దీవిలో మనీలా చుట్టూ ఉన్న ప్రాంతం: మనీలా మహానగరం, బులకాన్, కవిటే, లగూన, బతాంగాస్, రిజాల్, కేజోన్, బతాన్, ఇంకా దక్షిణాన మిందోరో, మరిందూకే దీవులు. ఇది ఆస్ట్రోనేషియన్ కుటుంబానిది. మలయ్, జావనీస్, అటు ఆఫ్రికా పక్కన మడగాస్కర్ భాష, ఇటు పసిఫిక్‌లో హవాయి, మావోరి భాషలు దీని బంధువులు. ఎస్టోనియన్ బంధువులు పెద్దగా దూరం పోలేదు, వీళ్ల బంధువులు సముద్రాలు దాటి సగం భూగోళం చుట్టేశారు.

2020 జనగణనలో ఇంట్లో మాట్లాడే భాష ఏదని అడిగితే వందలో దాదాపు 40 ఇళ్లు టాగలాగ్ అన్నాయి. తర్వాతి స్థానం బిసాయాది, 16 శాతం. సెబువానో అని విడిగా చెప్పినవాళ్లు ఇంకో ఆరున్నర శాతం. నిజానికి ఆ రెండు పేర్లూ చాలావరకు ఒకే భాషకు వాడేవే, ఆ భాషే మీ అబ్బాయి దవావోలో వినబోయేది. ఇలోకానో, హిలిగాయ్‌నోన్ తలా ఏడు శాతం పైచిలుకు. అంటే టాగలాగ్ అతిపెద్దది, కానీ దేశంలో ఎక్కువ ఇళ్లలో అది ఇంటిభాష కాదు. అయినా దేశంలో ఎక్కడికి వెళ్లినా అర్థమవుతుంది. బడి, టీవీ, సినిమా, మనీలాకు వలస వెళ్లి వచ్చే జనం కలిసి దాన్ని అందరి రెండో భాషగా చేశాయి.

పేరు దగ్గరే ఒక గొడవ ఉంది, అది తెలుసుకుంటే దవావోలో నోరు జారకుండా ఉంటుంది. 1937 డిసెంబరు 30న అధ్యక్షుడు మనువెల్ కేజోన్ జాతీయ భాషకు టాగలాగ్‌ను ఆధారంగా ప్రకటించాడు. ఆయన సొంత భాషా టాగలాగే. ఆనాడు సెబువానో మాట్లాడేవాళ్లు సంఖ్యలో టాగలాగ్‌వాళ్లకు ఏమాత్రం తీసిపోరు. మనీలావాళ్ల భాషను మా నెత్తిన ఎందుకు రుద్దుతున్నారన్న కోపం అప్పటి నుంచీ ఉంది. 1959లో ఆ జాతీయ భాషకు 'పిలిపినో' అని పేరు పెట్టారు. 1987 రాజ్యాంగం 'ఫిలిపినో' అంది, దేశంలోని ఇతర భాషల నుంచి కూడా మాటలు తీసుకుని అది పెరగాలంది. ఆచరణలో ఫిలిపినో అంటే మనీలా టాగలాగే. దవావోలో "మీ ఫిలిపినో భాష" అంటే ఎవరూ ఏమీ అనుకోరు. బిసాయాను టాగలాగ్‌కు ఒక యాస అంటే మాత్రం మనసు నొచ్చుకుంటారు. ఒకటి వస్తే రెండోది దానంతటది అర్థం కాదు.

అదే రాజ్యాంగం ఫిలిపినో, ఇంగ్లీషు రెండింటినీ అధికార భాషలంది. పని మాత్రం సమంగా పంచలేదు. స్పానిష్‌వాళ్లు 1565 నుంచి 1898 దాకా పాలించారు. అయినా వాళ్ల మతగురువులు జనానికి స్పానిష్ నేర్పే బదులు తామే స్థానిక భాషలు నేర్చుకుని బోధించారు. 1593లో మనీలాలో అచ్చయిన తొలి పుస్తకాల్లో ఒకటి స్పానిష్‌లోనూ టాగలాగ్‌లోనూ ఉన్న మతబోధ. టాగలాగ్ భాగాన్ని రోమన్ లిపిలో, వాళ్ల పాత లిపి బయ్‌బాయిన్‌లో రెండింటిలోనూ వేశారు. బయ్‌బాయిన్ మన తెలుగు లిపిలాగే బ్రాహ్మీ సంతతిది, హల్లుకు గుర్తు చేరిస్తే అచ్చు మారుతుంది. తర్వాత అమెరికన్లు వచ్చి 1901లో ఓడ నిండా టీచర్లను దింపి ఊరూరా ఇంగ్లీషు బడులు పెట్టారు. మూడు వందల ఏళ్లలో స్పానిష్ సాధించలేనిది ఇంగ్లీషు నలభై ఏళ్లలో సాధించింది.

ఫలితం ఇప్పటికీ కనిపిస్తుంది. చట్టాలు ఇంగ్లీషులో రాస్తారు, సుప్రీంకోర్టు తీర్పులు ఇంగ్లీషులో వస్తాయి. సాక్షి తన భాషలో చెప్పింది రికార్డులోకి ఇంగ్లీషులో ఎక్కుతుంది. పెద్ద దినపత్రికలు ఇంగ్లీషువి, చౌక ధర టాబ్లాయిడ్లు టాగలాగ్‌వి. టీవీ రాత్రి వార్తలు మాత్రం టాగలాగ్‌లో ఉంటాయి, ఎందుకంటే అందరికీ చేరాలి. కొరియా సీరియళ్లను కూడా టాగలాగ్‌లో డబ్బింగ్ చేసి వేస్తారు. ఎస్టోనియాలో ఇందుకు భిన్నంగా విదేశీ సినిమాలకు కింద సబ్‌టైటిళ్లే వేస్తారు, డబ్బింగ్ ఎక్కువగా చిన్నపిల్లల బొమ్మల సినిమాలకు. అక్కడి పిల్లలకు ఇంగ్లీషు బాగా రావడానికి అదొక కారణం.

బడిలో విధానం పదేపదే మారింది. 1974లో కొన్ని సబ్జెక్టులు పిలిపినోలో, లెక్కలు సైన్సు ఇంగ్లీషులో అన్నారు. 2013 చట్టం మొదటి తరగతుల్లో పిల్లల మాతృభాషలోనే చెప్పాలంది, దవావో, సెబూ పిల్లలు బిసాయాలో లెక్కలు నేర్చుకున్నారు. 2024 అక్టోబరులో ఇంకో చట్టం దాన్ని ఆపేసి మళ్లీ ఫిలిపినో, ఇంగ్లీషులకు తీసుకొచ్చింది. ఎస్టోనియా, సోవియట్ కాలం మినహా, ఒక్క భాషను పట్టుకుని ఒకే దిశలో నడిచింది, ఫిలిప్పీన్స్‌లో అది సాధ్యపడలేదు. వాళ్ల నిర్లక్ష్యం అనడం అన్యాయం. ఒకే భాష మాట్లాడే రైతుల దేశానికీ నూట ముప్ఫై భాషల దీవులకూ ఒకే మందు పనిచేయదు. మన దగ్గర 2011 జనగణన ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్ల పైచిలుకు. అయినా తీర్పులు, మెడిసిన్, ఇంజినీరింగ్ ఇంగ్లీషులోనే ఉన్నాయి. పని పంపకంలో మనం టార్టుకంటే మనీలాకే దగ్గర.

మాటల విషయంలోనూ అంతే. 1960లలో గణితానికి 'సిప్నాయన్' అని దేశీ మాట తయారుచేస్తే జనం మాథ్, మతేమాటికా అనే అంటున్నారు. టాగలాగ్‌లో బల్ల, చెంచా, కిటికీ, వారాల పేర్లు స్పానిష్ నుంచి వచ్చాయి. సంతలో ధరలు, గడియారం టైము స్పానిష్ అంకెల్లో చెబుతారు, దవావోలోనూ అంతే. ఆ అంకెలు నేర్చుకుంటే బేరం సగం వచ్చినట్టే. ఇక ఇంగ్లీషు కలిపిన టాగ్లిష్ ఉంది. మనం 'డ్రైవ్ చేస్తున్నా', 'లేట్ అయ్యాను' అని ఇంగ్లీషు మాట పక్కన తెలుగు క్రియ పెడతాం. వాళ్లు ఇంగ్లీషు మాటకే సొంత ప్రత్యయాలు తొడిగేస్తారు. 'నా-లేట్ అకో' అంటే లేట్ అయ్యాను, 'మగ్‌తే-టెక్స్ట్ అకో' అంటే మెసేజ్ పెడతాను. ఇది తప్పు భాష కాదు, మనీలా ఆఫీసుల మామూలు భాష ఇదే.

టాగలాగ్ గడ్డ మీద కూడా యాసలున్నాయి. బతాంగాస్‌లో "నకాయిన్ క బ నాంగ్ పటింగ్?" అంటే నువ్వు సొరచేప తింటావా అని. అదే వాక్యం మనీలావాళ్లు వింటే నిన్ను సొరచేప తినేసిందా అని అర్థమవుతుంది.

దేశం బయట టాగలాగ్ చోటు చాలా పెద్దది. అమెరికాలో దాదాపు 17 లక్షల ఇంటిభాష వాడుకదారులతో ఇంగ్లీషు, స్పానిష్, చైనీస్‌ల తర్వాతి వరుసలో ఉంది, ఎక్కువమంది కాలిఫోర్నియాలో. హాంకాంగ్‌లో ఇళ్లలో పనిచేసే ఫిలిప్పీన్స్ మహిళలు దాదాపు రెండు లక్షల మంది. ఆదివారం సెలవురోజున సెంట్రల్ ప్రాంతపు ఫుట్‌పాత్‌లన్నీ వాళ్ల మాటలతో నిండిపోతాయి. ప్రపంచపు సరుకు ఓడల్లో ఫిలిప్పినో నావికులు లేని ఓడ అరుదు. సౌదీ, యూఏఈ, ఖతార్, కువైట్ ఆసుపత్రుల్లో, షాపుల్లో, ఇళ్లలో వాళ్లే. జగిత్యాల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లకు ఈ విషయం నేను చెప్పక్కర్లేదు. అక్కడ మనవాళ్లు వాళ్లను 'కబాయన్' అని పిలుస్తుంటారు, తమలో తాము వాళ్లు వాడుకునే 'మా దేశస్థుడు' అనే మాట అది. ఇలోకానో, బిసాయా ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు కూడా పరాయి దేశంలో కలిస్తే టాగలాగ్‌లోకి వస్తారు. స్వదేశంలో తగువుపడ్డ భాష గల్ఫ్‌లో అందర్నీ కలిపే భాష అయింది.

నేర్చుకోవడం సంగతి. ఎస్టోనియన్‌కు పద్నాలుగు విభక్తులని విని మీ అమ్మాయి భయపడనక్కర్లేదు. 'మయ' ఇల్లు, 'మయస్' ఇంట్లో, 'మయస్త్' ఇంట్లోంచి, 'మయ్య' ఇంట్లోకి. నామానికి చివర ప్రత్యయం తగిలించడం తెలుగువాళ్లకు పుట్టుకతో వచ్చిన పనే. మనం నేను రాలేదు, నువ్వు రాలేదు, వాళ్లు రాలేదు అని వ్యతిరేకంలో క్రియను మార్చం కదా, వాళ్లూ అంతే: 'మ ఎయ్ తుల్నుద్, స ఎయ్ తుల్నుద్, నద్ ఎయ్ తుల్నుద్'. అతను, ఆమె అన్న తేడా లేదు, భవిష్యత్ కాలానికి వేరే రూపం లేదు. కష్టమల్లా శబ్దం పొడవులో. మనకు హ్రస్వం, దీర్ఘం రెండే, వాళ్లకు మూడు. 'లిన్న' అని మామూలుగా సాగదీస్తే పట్నం యొక్క, ఇంకా సాగదీస్తే పట్నంలోకి. రాతలో రెండూ ఒక్కటే. చెవి అలవాటు పడాల్సిందే. ఇంకో ఇబ్బంది, విభక్తి చేరినప్పుడు పదం మధ్యలోని హల్లు కూడా మారిపోతూ ఉంటుంది. దానికి అడ్డదారి లేదు, వినివిని వంటపట్టాలి.

టాగలాగ్‌లో శబ్దం సులువు, క్రియ కష్టం. వాక్యం క్రియతో మొదలవుతుంది. కొన్నది ఎవరు, ఏమిటి, ఎవరి కోసం అన్నదాన్ని బట్టి ఒకే ధాతువు రూపం మారుతుంది. చేప కొన్నాను అన్నప్పుడు 'బుమిలి', ఆ చేపను నేను కొన్నాను అన్నప్పుడు 'బినిలి'. బిసాయాలోనూ ఇదే పద్ధతి, ప్రత్యయాలు వేరు. మన 'మేము, మనం' తేడా మాత్రం వాళ్లకూ ఉంది, టాగలాగ్‌లో 'కమి' మేము, 'తాయో' మనం. ఇంగ్లీషువాళ్లు నెలల తరబడి తడబడే చోట తెలుగు పిల్లలకు తడబాటే ఉండదు. మన 'అండీ'లా వాళ్లకు 'పో' ఉంది, పెద్దవాళ్లతో వాక్యం మధ్యలో చేర్చాలి. పరిచయం లేని మగవాణ్ణి కూడా 'కూయా' అనీ, ఆడమనిషిని 'అతే' అనీ పిలుస్తారు, మన అన్నా, అక్కా లాగే. బిసాయా మాట్లాడేవాళ్లకు 'పో' అలవాటు లేదు, దవావోలో ఎవరైనా అది వాడకపోతే మర్యాద లేదనుకోవద్దు. మాటల్లో చుట్టాలూ తగులుతారు: గురో, ముఖా, ఆసా, ముత్యా. సంస్కృత మాటలు మలయ్ మీదుగా అక్కడికి చేరాయి. ఆ రాకపోకలు ఎంత పాతవంటే, లగూనలో 1980ల చివర్లో బయటపడిన రాగిరేకు మీద తేదీ శక సంవత్సరం 822, అంటే క్రీ.శ. 900.

ఇక మీ పిల్లలకు చేయాల్సినవి. అమ్మాయి వెళ్లే ముందే 'కేలెక్లిక్' అనే ఉచిత ఆన్‌లైన్ కోర్సు మొదలుపెట్టమనండి, ఇంగ్లీషు వివరణతో మొదటి రెండు స్థాయిలు అందులో ఉన్నాయి. దాని తర్వాతి స్థాయికి 'కేలెతే' ఉంది, అది బీ1 వరకు తీసుకెళ్తుంది. అక్కడివాళ్లు మన యాస వినగానే సాయం చేద్దామని ఇంగ్లీషులోకి మారిపోతారు, అదే నేర్చుకునేవాళ్లకు పెద్ద అడ్డంకి. ఎస్టోనియన్‌లోనే మాట్లాడదామని మొదటే అడిగితే ఓపిగ్గా మాట్లాడతారు. ఉండిపోవాలనుకుంటే మొదటి ఏడాదిలోనే మొదలవ్వాలి, చివరి సెమిస్టర్‌లో ఉద్యోగ వేటతోపాటు భాష మొదలెడితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

అబ్బాయికి మొదటి రెండేళ్లు ఇంగ్లీషుతో ఇబ్బంది ఉండదు. వార్డుల్లోకి వెళ్లాక ప్రొఫెసరు ఇంగ్లీషులో అడుగుతాడు, పేషెంటు బిసాయాలో జవాబిస్తాడు. కాబట్టి ముందు బిసాయా, టీవీ, సినిమాలు చూస్తూ తర్వాత టాగలాగ్. దవావోలో రెండూ కలగలిపి మాట్లాడతారు కాబట్టి ఒకదాని ముక్క ఇంకోదాంట్లో పడినా ఎవరూ తప్పుపట్టరు. పల్లె నుంచి వచ్చిన ముసలావిడ దగ్గర 'ఎక్కడ నొప్పి' అనడానికి టాగలాగ్‌లో 'సాన్ పో మసకిత్?' అంటారు, బిసాయాలో 'అసా ఆంగ్ సకిత్?' అనాలి. హాస్టల్‌లో మన పిల్లలే ఎక్కువగా ఉంటారు, రోజంతా తెలుగుతోనే గడిచిపోతుంది. అందుకని వారంలో కొన్ని సాయంత్రాలైనా స్థానిక క్లాస్‌మేట్లతో గడపమని ఇప్పుడే చెప్పండి.